తోకకు తాడు కట్టి లాగితే తిమింగలం బతకదు

"ఒడ్డుకు వచ్చిన తిమింగలం కనిపిస్తే ఆలస్యం చేయకండి. తలమీద బకెట్లతో నీళ్లు పోయండి, తోకకు తాడు కట్టి సముద్రంలోకి లాగేయండి, బతికిపోతుంది" అనే మెసేజ్‌ని చాలామంది షేర్ చేస్తున్నారు. పంపేవాళ్ల మనసు మంచిదే. కానీ అలా చేస్తే బతకాల్సిన ప్రాణం కూడా పోతుంది.

ముందు నీళ్ల సంగతి. తిమింగలం చేప కాదు, మనలాగే గాలి పీలుస్తుంది. దాని ముక్కు తలపైన ఉంటుంది. ఫుస్సుమని ఊపిరి వదిలి, మళ్లీ పీల్చుకుని ఆ రంధ్రం మూసుకుంటుంది. తెరుచుకున్న క్షణంలో బకెట్ కుమ్మరిస్తే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకే. ఒళ్లు తడపడం మాత్రం అవసరమే, కొవ్వు పొర వల్ల లోపలి వేడి బయటికి పోదు కాబట్టి. తడి దుప్పట్లు కప్పండి, ముక్కు చుట్టూ వదిలేయండి.

తోక లాగితే వెన్నుపూసలు జారిపోతాయి. పక్క రెక్కలు పట్టి లాగినా కీళ్లు ఊడతాయి. తెలిసినవాళ్లు రెక్కల కింద ఇసుక తవ్వి, పొట్ట నేలకు ఆనేలా నిలిపి, పోటు వచ్చేదాకా ఆగుతారు.

ఇక "బతికిపోతుంది" అన్న మాట. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. నీళ్లలో తేలే ఒళ్లు నేలమీద తన బరువుకి తానే నలిగిపోతుంది. నలిగిన కండరాల్లోంచి వచ్చే పదార్థాలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. పైకి బాగానే ఈదుతూ వెళ్లిందనిపించినా ఆ తర్వాత చనిపోవచ్చు. పైగా పైలట్ తిమింగలాలు అనే రకం తమ గుంపును వదలవు. 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని చెయిన్స్ బీచ్‌లో దాదాపు వంద ఒడ్డుకు చేరాయి. రాత్రికి రాత్రే సగం పోయాయి. మిగిలినవాటిని లోతు నీళ్లలోకి తీసుకెళితే మళ్లీ ఒడ్డుకే వచ్చేశాయి. చివరికి వాటికి నొప్పి లేని మరణం ఇవ్వాల్సి వచ్చింది. అలాగని ప్రయత్నం వృథా అనను. 2020లో టాస్మానియాలోని మక్వారీ హార్బర్‌లో చిక్కుకున్న సుమారు 470లో వందకు పైగా బతికి బయటపడ్డాయి. అక్కడ పనిచేసింది శిక్షణ ఉన్న బృందాలు. అందుకే ముందు కోస్ట్ గార్డ్‌కో, వన్యప్రాణి అధికారులకో ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా జనాన్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి.

ఇంకా నీళ్లలోనే ఉండి, ఒడ్డుకు దగ్గరగా తిరుగుతుంటే? వీడియో కోసం పడవల్లో చుట్టుముట్టకండి, బెదిరి ఇంకా లోపలికి వస్తుంది. 1985లో హంఫ్రీ అని పేరు పెట్టిన హంప్‌బ్యాక్ తిమింగలం శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దాటి నదిలోకి వెళ్లిపోయింది. మూడు వారాలకు పైగా తంటాలు పడ్డాక, తోటి తిమింగలాలు మేత వేళ చేసే శబ్దాల రికార్డింగ్‌ని ఒక పడవ నుంచి నీళ్లలో వినిపించారు. అది ఆ పడవ వెనకాలే సముద్రం దాకా వచ్చింది.