ఆ రాజీనామా ఎవరి లాభానికి?

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఉద్యోగాలు తీసే తీరు చాలాచోట్ల ఒకేలా ఉంటోంది. పది నిమిషాల మీటింగ్ అని పిలుపు వస్తుంది. 'వ్యక్తిగత కారణాల వల్ల వైదొలగుతున్నాను' అనే లేఖ ముందే టైపు చేసి ఉంటుంది. సంతకం పెడితే రిలీవింగ్ లెటర్, లేకపోతే టెర్మినేషన్ అంటారు. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు గుర్తొచ్చి ఆ టెన్షన్‌లో చాలామంది సంతకం పెట్టేస్తారు.

కంపెనీకి ఆ సంతకం ఊరికే అక్కర్లేదు. నష్టాలొచ్చాయనో, ప్రాజెక్టు పోయిందనో కార్మికుణ్ని తీసేస్తే చట్టం దృష్టిలో అది రిట్రెంచ్‌మెంట్. ఏడాది పైబడి పనిచేసినవారికి నెల నోటీసు లేదా నెల వేతనం, దాంతోపాటు పూర్తయిన ఒక్కో సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ఆరేళ్లు చేసినవారికి పరిహారమే 90 రోజుల వేతనం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ లెక్కే, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కొత్తగా, తీసేసినవారు వేరే నైపుణ్యాలు నేర్చుకునేందుకు కంపెనీ డబ్బు కట్టే రీస్కిల్లింగ్ ఫండ్ నుంచి మరో 15 రోజుల వేతనం 45 రోజుల్లోగా అందాలి. తనంతట తానే మానేసినట్టు ఉద్యోగి రాసిస్తే ఇదంతా కంపెనీకి మిగులుతుంది. ఒకే నెలలో వందమందికి ఒకేలాంటి 'వ్యక్తిగత కారణాలు' పుట్టుకొస్తే కార్మిక శాఖ వాటిని రాజీనామాలుగా చూడకూడదు. ఆ రికార్డులు తెప్పించుకుని, రిట్రెంచ్‌మెంట్‌గానే విచారించాలి.

'మేం ఇంజినీర్లం, లేబర్ చట్టాలు మాకెందుకు వర్తిస్తాయి?' అనే భావన మనవాళ్లలో బలంగా ఉంది. కంపెనీలకు బాగా కలిసొచ్చింది కూడా అదే. మేనేజర్లు, నెల జీతం 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లు చట్టం పరిధిలోకి రారన్నది నిజమే. కానీ కోర్టు చూసేది హోదాను కాదు, రోజూ చేసే పనిని. కింద ఎవరూ లేకుండా కోడ్ రాసేవారు, టెస్టింగ్ చేసేవారు జీతం ఎంతున్నా కార్మికులమని వాదించవచ్చు. 2022లో చెన్నై లేబర్ కోర్టు ఒక ఐటీ ఇంజినీరును అలాగే గుర్తించి, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది.

కంపెనీయే మునిగిపోతుంటే పరిస్థితి వేరు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయాక ఉద్యోగులు పీఎఫ్, గ్రాట్యుటీ కోసం ఏళ్లపాటు పోరాడారు. వాటిని పూర్తిగా చెల్లించాలని 2022లో కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ చెప్పింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ తీర్పును నిలబెట్టింది. దివాలా చట్టం ప్రకారం ఆ డబ్బు లిక్విడేషన్‌లో, అంటే కంపెనీ ఆస్తులు అమ్మేసేటప్పుడు, అప్పులవాళ్లకు పంచే ఆస్తి కాదు. జీతం బకాయిలకు అంత రక్షణ లేదు. కార్మికులకైతే 24 నెలల బకాయి తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా వస్తుంది. మిగతా ఉద్యోగులకు 12 నెలలదే, అదీ ఆ కార్మికులు, బ్యాంకుల తర్వాతే. అప్పటికి ఖజానాలో ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

అందుకే జీతం ఆలస్యం కావడం మొదలైన నెలలోనే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పాస్‌బుక్ తెరిచి చూడాలి. పేస్లిప్‌లో పీఎఫ్ కోత కనిపిస్తూ పాస్‌బుక్‌లో ఆ నెల జమ లేదంటే మీ డబ్బును కంపెనీ వాడుకుంటోందని అనుమానించాల్సిందే. అది నేరం, పీఎఫ్ ఆఫీసుకు వెంటనే ఫిర్యాదు చేయాలి.

ఒత్తిడి చేస్తే గడువు అడగండి. తీసేస్తున్న కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. సంతకం పెట్టేసినా, బలవంతంగా పెట్టించారని అదే రోజు ఈమెయిల్ పంపి దాని కాపీ సొంత మెయిల్‌లో దాచుకోండి. అయిదేళ్లు నిండితే రాజీనామా చేసినా గ్రాట్యుటీ పోదు. తుది లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలని వేతనాల కోడ్ చెబుతోంది. తొలగింపుపై పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు మాత్రం కొత్త కోడ్‌లో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. వేరే ఉద్యోగం దొరికాక చూద్దాంలే అని ఆగేవారు ఈ తేదీని ముందే రాసిపెట్టుకోవాలి.