నలభై నిమిషాలా ఫాదర్?

పోయిన ఆదివారం పూజ చివర్లో మా ఫాదర్ ఘోరమైన ప్రకటన ఒకటి చేశారు. నెలకొక్క ఆదివారం, నలభై నిమిషాలు, పెద్దలకు జ్ఞానోపదేశం, అంటే మన విశ్వాసం గురించి పాఠం అట. పిల్లలకు కాదు, మీసాలు నెరిసిన మనకు! ఆదివారం పొద్దున కడపలో మటన్ అంగడి దగ్గర రద్దీ ఎట్లుంటుందో ఆయనకు తెలియదు పాపం.

ఆ మాట పూర్తి కాకముందే సగం బండ్లు స్టార్టయ్యాయి. మిగిలినవాళ్లం గుడి మెట్ల మీద ఆయన్ని చుట్టుముట్టి బేరానికి దిగాం. "నలభై ఎందుకు ఫాదర్, ఇరవై చాలదా?" సరే ఇరవై అన్నారు. "ఇంట్లో సంగటి చల్లారిపోతుంది ఫాదర్." పది అన్నారు. ఇంకో అన్న ఫోను తీసి, గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేయండి, బండి మీద పోతా వింటాం అన్నాడు. రెండు నిమిషాలు దాటితే వినరట, ఆ రెండు కూడా డబుల్ స్పీడులోనట. చివరికి తేలిందేమంటే, 2,865 పేరాలున్న కతోలిక ఉపదేశ గ్రంథాన్ని రోజుకో వాక్యం చొప్పున, గులాబీ పువ్వు బొమ్మ కింద, శుభోదయంతో కలిపి పొద్దున ఆరింటికి వదలాలి. ఈ బేరం ముప్పావు గంట నడిచింది.

నిజానికి ఇది ఫాదర్ కొత్తగా తెచ్చిన పీడేం కాదు. జ్ఞానోపదేశంలో ముఖ్యమైనది పెద్దలదే అని రోము, అంటే పోపు గారి కార్యాలయం, 1971లోనే జ్ఞానోపదేశానికి వేసిన మార్గదర్శి పుస్తకంలో రాసి పెట్టింది. మనమేమో భద్రమైన అభ్యంగనం, అంటే బాప్తిస్మం తర్వాత నూనె పూసి విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం, అయిన రోజే పుస్తకాన్ని అటకెక్కించాం. అక్కడితో చదువు పూర్తి.

నవ్వు ఆగిపోయింది మొన్న బుధవారం, ఒక చావింట్లో. ముప్పై నిండని కొడుకు పోయాడు. మమ్మల్ని చూసి ఆ తల్లి "దేవుడు నన్నెందుకు చూడలేదు?" అనింది. పుట్టినప్పటినుంచి పూజకొచ్చేవాళ్లం పదిమందిమి ఉన్నాం అక్కడ. ఒకామె ఆమె చెయ్యి పట్టుకొని "ఏ పాపమో తగిలింటుందమ్మా" అనింది. ఛీ! పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం ఎవరిది, వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదని క్రీస్తు చెప్పాడు కదా! యోహాను తొమ్మిదో అధ్యాయం. ఈస్టరుకు ముందొచ్చే తపస్కాలంలో గుళ్లో చదివే సువార్తే అది. చదివేటప్పుడు మనమెక్కడ ఉన్నాం? వాకిట్లో, బండి తాళం వేలికి తిప్పుకుంటా. టైం లేదట! కడుపు కోసుకుపోతున్న తల్లి ముందు చెప్పడానికి ఒక్క మంచి మాట లేదు, రాయి విసరడానికి మాత్రం టైం ఉంది. నేనేమన్నా మాట్లాడానా? లేదు. నాకూ తెలీలేదు, నోరు మూసుకొని నిలబడ్డా.

గురువారం పొద్దున సరిగ్గా ఆరింటికి గ్రూపులో ఎర్ర గులాబీ వచ్చింది. కింద పౌలు గారి మాట, ఎప్పుడూ సంతోషంగా ఉండండి అని. ఎనిమిదయ్యేసరికి నలభైమంది చేతులు జోడించారు.

ఆ తల్లి నంబరు కూడా ఆ గ్రూపులోనే ఉంది.