తాంబాలం దారిలో ఉంది సార్!

మా చిన్నమ్మ కొడుకు హన్మకొండలో ఆన్‌లైన్ షాపు పెట్టాడు. షాపంటే షట్టరు, గల్లాపెట్టె ఊహించుకునేరు, అవేం లేవు. డ్రాప్‌షిప్పింగ్ అట. మొరాదాబాద్‌లో ఎవరో సప్లయర్ పంపిన ఫొటోకు మనవాడు ధర పెంచి పెడతాడు, ఆర్డర్ పడగానే అటు తోస్తాడు, వాళ్లే డబ్బా కట్టి కస్టమర్ ఇంటికి పంపుతారు. తిట్లు మాత్రం ఇక్కడే డెలివరీ.

బతుకమ్మ ముందు ఇత్తడి తాంబాలాలు పెట్టాడు. ఇత్తడి పనికి జీఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అనే గుర్తింపు ఉన్న పెంబర్తి జనగామ దాటితే వస్తుంది, బస్సెక్కి పోయి తెచ్చుకోవచ్చు కదరా అంటే, "స్టాక్ పెట్టుకుంటే అది డ్రాప్‌షిప్పింగ్ ఎట్లయితదన్నా?" అని నాకే క్లాసు పీకాడు.

ఆర్డర్ పెట్టింది మా గల్లీలోని రిటైర్డ్ హెడ్‌మాస్టర్ సారు. ఎంగిలిపూల నాడు అడిగితే "దారిలో ఉంది సార్" అన్నాడు. నిజానికి సప్లయర్ దగ్గర ఆ సైజు ఎప్పుడో అయిపోయింది, వీడి పేజీలో మాత్రం 'స్టాక్ ఉంది' అని పచ్చగా మెరుస్తూనే ఉంది. రెండు చోట్లా లెక్క కలిపే సాఫ్ట్‌వేర్ నెలనెలా డబ్బులడుగుతుందని తీసుకోలేదు మరి! ట్రాకింగ్ నంబరైతే వచ్చింది. అది వచ్చిందంటే లేబుల్ ప్రింటయిందని అర్థం, డబ్బా కదిలిందని కాదు. ఈ సంగతి సారుకు తెలియదు, చెప్పే ధైర్యం వీడికి లేదు.

సారు ఊరుకునే మనిషి కాదు. "2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీ దగ్గర ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఎవరయ్యా?" అని ఫోన్ చేశారు. మావాడు కందిపప్పు ఏరుతున్న చిన్నమ్మ వైపు చూశాడు.

సద్దుల నాడు మధ్యాహ్నం డబ్బా దిగింది. సారు ఇంట్లో తంగేడు, గునుగు కుప్పలుపోసి ఎదురుచూస్తున్నారు. విప్పితే అరచేతిలో పట్టేంత కుంకుమ పళ్లెం! సప్లయర్‌కు ఫోన్ చేస్తే, "భయ్యా, డిజైన్ తో సేమ్ హై" అన్నాడు.

చిన్నమ్మ మారు మాట్లాడకుండా తన తాంబాలం తీసుకెళ్లి వాళ్లకిచ్చి, తన బతుకమ్మను సిబ్బిలో పేర్చుకుంది. సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర ఆ తాంబాలం చూసి ఆడవాళ్లంతా ఎక్కడ కొన్నారని అడిగితే, సారు భార్య మర్యాదకు పోయి, "మా గల్లీ పిల్లగాడే ఆన్‌లైన్‌ల అమ్ముతడు" అనేసింది. ఇంటికొచ్చేసరికి మావాడి ఫోన్ మోగుతూనే ఉంది.

చిన్నమ్మ ఆ రాత్రే ఇంట్లో మిగిలిన ఇత్తడి సామానంతా అటకెక్కించింది.