పాత కారు బీడింగ్‌కు మరిగే నీళ్లు, సూపర్ గ్లూ: ఆ సలహా పాటించకండి

"పాత కారు బయటి ప్లాస్టిక్ ఊడదీయడానికి మెకానిక్ ఎందుకు? ఒక స్క్రూడ్రైవర్, ఒక చెంబుడు మరిగే నీళ్లు చాలు. క్లిప్పులు విరిగితే సూపర్ గ్లూ, అదీ నిలవకపోతే రెండు స్క్రూలు. జిగురు మరకలకు పెట్రోలు, తెల్లబడిన ప్లాస్టిక్‌కు డీజిలు." ఈ మెసేజ్ నాకు ఈ నెలలోనే నలుగురు పంపారు. నలుగురూ పాత కారును ప్రాణంగా చూసుకునేవాళ్లే. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు స్క్రూడ్రైవర్. మా నాన్నగారి కారు డోర్ బీడింగ్‌ను, అంటే తలుపు మీద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ పట్టీని, నేనూ దాంతోనే లేపాను. బీడింగ్ ఊడింది, వెనక రంగు మీద గోరంత గీత పడింది. ఎలాగూ బీడింగ్ కప్పేస్తుంది కదా అని వదిలేశాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి దాని అంచున రంగు పొక్కులా లేచింది. వేలితో నొక్కితే పెళ్లలుగా రాలి, కింద ఎర్రటి తుప్పు. బీడింగ్ వెనక మట్టి చేరుతుంది, తడి ఆరదు. అలాంటి చోట ఇనుము బయటపడితే తుప్పు ఆగదు. ఊడదీయడానికి బద్దల్లాంటి ప్లాస్టిక్ పనిముట్లు దొరుకుతాయి, అవి వాడండి. చుట్టూ రంగు మీద మాస్కింగ్ టేపు వేయండి. క్లిప్పు ఎక్కడుందో దాని పక్కనే లేపాలి. మధ్యలో పట్టుకుని లాగితే ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ రెండు ముక్కలవుతుంది. టేపుతో అంటించిన బీడింగ్ అయితే గేలం దారం వెనక దూర్చి, అటూ ఇటూ రంపంలా లాగితే టేపు నిలువునా తెగుతుంది.

వేడి చేయాలన్న మాట మాత్రం నిజం. చల్లగా ఉన్న పాత ప్లాస్టిక్ ఇట్టే విరుగుతుంది. అంతమాత్రాన మరిగే నీళ్లు అక్కర్లేదు, చేతులు కాలడం తప్ప ఒరిగేదేమీ లేదు. హెయిర్ డ్రయ్యర్ చాలు. మన వేసవిలో అదీ అక్కర్లేదు, కారును గంటసేపు ఎండలో నిలిపితే సరిపోతుంది.

ఇక సూపర్ గ్లూ. ఊడదీసిన ముక్క వెనక్కి తిప్పి చూడండి. చాలావాటి మీద పీపీ అన్న అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. అంటే పాలీప్రొపిలీన్. మామూలు జిగురు ఏదీ దానికి పట్టదు, ఎండిన జిగురు పొరలా లేచి వస్తుంది. పాత క్లిప్పులు మళ్లీ వాడాలనుకోవడమూ తప్పే. తెల్లటి నైలాన్ క్లిప్పు ఏళ్లు గడిస్తే బిస్కెట్ రంగుకు తిరిగి, నొక్కగానే టిక్కుమని విరుగుతుంది. కొత్త సెట్టు కొనుక్కున్నాకే పని మొదలుపెట్టండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి పాత క్లిప్పు ఒకటి పట్టుకెళ్లి చూపిస్తే జత దొరుకుతుంది. విరిగిన క్లిప్పు కన్నం ఖాళీగా వదిలితే వాన నీళ్లు డోర్ లోపలికి పోతాయి.

స్క్రూలు కొట్టమనడమే అన్నిటికన్నా ప్రమాదం. తెల్లవారుజాము చల్లదనానికీ మిట్టమధ్యాహ్నం ఎండకూ మధ్య కారు రేకు వేడిలో నలభై డిగ్రీల తేడా తేలిగ్గా ఉంటుంది. ఆ తేడాకు మీటరు పొడవున్న ఇనుప రేకు అర మిల్లీమీటరు సాగితే, అంతే పొడవున్న ప్లాస్టిక్ రెండు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే కంపెనీవాళ్లు కొన్ని కన్నాలను కోలగా చేస్తారు, ముక్క అందులో జరుగుతుంది. రెండు చివరలా స్క్రూ బిగిస్తే జరగడానికి చోటుండదు. మధ్యలో విల్లులా ఉబ్బుతుంది, లేదా స్క్రూ దగ్గర చీలుతుంది. పైగా రేకుకు కొత్త కన్నం పెట్టారంటే తుప్పుకు దారి ఇచ్చినట్టే.

డీజిలు సంగతి చెప్పుకోవాల్సినంత లేదు. ఆ నిగనిగ తాత్కాలికం, ఈలోగా దుమ్మంతా అంటుకుంటుంది.

జిగురు మరకలకు పెట్రోలు వాడితే మంట ప్రమాదం, రబ్బరు ఉబ్బుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమంగా కలిపి తుడవండి. తర్వాత, టేపుతో అంటించే బీడింగ్ అయితే, కార్లకు వాడే యాక్రిలిక్ ఫోమ్ టేపు వేయండి. ప్లాస్టిక్ వైపు ప్రైమర్ (టేపు పట్టేలా చేసే పూత) పూయకపోతే అదీ ఊడుతుంది. ఊడదీయడం ఎండలో చేసినా, అంటించడం మాత్రం ఉదయం నీడపట్టున చేయండి, కాలుతున్న రేకు మీద వద్దు. గట్టిగా నొక్కి వదిలేయండి. టేపు పట్టు పూర్తిగా రావడానికి మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా కారు కడగకండి.