రిజిస్టర్ ఉంటే చాలదు, ప్రణాళికలోకి రావాలి

ఊరి స్థాయిలోనే ప్రకృతి పునరుద్ధరణ ప్రణాళికలు వేయాలని చెప్పే వ్యాసం ఒకటి చదివాను, దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కానీ అలాంటి ప్రణాళికలకు కావాల్సిన చట్టం మన దగ్గర 2002 నుంచే ఉందని కూడా చెప్పాల్సింది. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. స్థానికుల్ని అడిగి అక్కడి చెట్లు, చేపలు, పక్షులు, విత్తనాల వివరాలు ఆ కమిటీ ఒక జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రాలకు నెలకు 10 లక్షల జరిమానా అనేసరికి హడావుడి మొదలైంది. అలా టెన్షన్‌తో నింపిన రిజిస్టర్‌లో గొర్రెల కాపరికి, చేపలు పట్టేవాళ్లకు తెలిసిన సంగతులు ఎన్ని చేరుంటాయి?

ఇంకో మాట. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. జనం వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. అయితే గూడు ఊళ్లో ఉన్నా మేత చుట్టుపక్కల చెరువుల్లోనే కదా! ఆ చెరువులు ఎండితే వీరాపురం వాళ్లు ఒక్కరే ఏం చేయగలరు? అందుకే చెరువుల గొలుసు మొత్తానికి కలిపి, పంచాయతీలన్నీ కూర్చుని ప్రణాళిక వేయాలి. ఉపాధి హామీ పనులు ఖరారు చేసే గ్రామసభలోనే ఆ రిజిస్టర్ తెరిచి చదవాలి. ఏ గట్టు మీద పొదలు కొట్టకూడదో, పూడిక ఏ నెలలో తీయాలో అక్కడే తేల్చాలి.