ఓఖ్రానాకు అన్నీ తెలుసు

రష్యా జార్ రెండో నికొలస్‌ పోలీసులకు సమాచారం అందక సింహాసనం పోగొట్టుకున్నాడనుకుంటే పొరపాటే. రొట్టెల దుకాణాల ముందు గంటల తరబడి నిలబడి విసిగిపోయిన తల్లులు ఉదారవాద నాయకుల కన్నా విప్లవానికి దగ్గరగా ఉన్నారని రాజధాని పెట్రోగ్రాడ్‌లోని ఓఖ్రానా, అంటే జార్ రహస్య పోలీసు విభాగం, 1917 మొదట్లోనే పైవాళ్లకు రాసి పంపింది. అంత కచ్చితంగా చెప్పినా ఆ కాగితంతో ఏం చేయాలో పైన ఎవరికీ తోచలేదు.

ఓఖ్రానా నిఘా రెండు రకాలు. మొదటిది వీధిలో: మఫ్టీలోనో బండివాడి వేషంలోనో ఉన్న మనిషి వెంటాడతాడు, తను వెంటాడేవాడికో మారుపేరు పెట్టి రోజువారీ లెక్క రాస్తాడు. దీనికి తోడు పెద్ద నగరాల పోస్టాఫీసుల్లో ఆవిరి పట్టి ఉత్తరాలు విప్పే గదులుండేవి. రెండోది పార్టీ లోపల. మన పత్రికల భాషలో కోవర్టులు. అసలు తంటా వీళ్లతోనే.

కోవర్టు కింది స్థాయిలో ఉంటే పనికొచ్చే కబురు తేలేడు. పైకి ఎదగాలంటే పార్టీ పని చేసి చూపించాలి, ఆ పనేమో బాంబులు వేయడం. 1893లో నెలకు 50 రూబుళ్లతో కోవర్టుగా మొదలైన అజెఫ్‌, పదేళ్లకు సోషలిస్టు రివల్యూషనరీలనే విప్లవ పార్టీ హత్యా దళానికే నాయకుడయ్యాడు. 1904లో ఆ దళం చంపింది ఎవరిని? పోలీసు శాఖ ఎవరి కింద పనిచేసేదో ఆ హోంమంత్రి ప్లేవేనే! 1911లో కీవ్‌లో ఇంకా ఘోరం. ప్రధాని స్తొలీపిన్‌ను చంపడానికి వస్తున్నవాళ్లను గుర్తుపట్టి చూపిస్తానన్న ఇన్‌ఫార్మర్ బొగ్రోవ్‌కు స్థానిక ఓఖ్రానా అధికారే నాటకశాల టికెట్ ఇప్పించాడు. కాల్చింది బొగ్రోవే. జార్ అదే నాటకశాలలో ఉన్నాడు. డ్యూమాలో, అంటే రష్యా పార్లమెంటులో, లెనిన్ వర్గమైన బొల్షివిక్‌ల సభ్యుడు మలినోవ్‌స్కీ సంగతి సరేసరి: పోలీసుల నుంచి నెలకు 500 రూబుళ్లు, ఉపన్యాసాలు దిద్దేది పోలీసు శాఖ డైరెక్టరు.

ఇంత అల్లిన వలలో ఒక చోట మాత్రం కావాలనే రంధ్రం వదిలారు. సైనికుల్లో ఇన్‌ఫార్మర్లను పెట్టడం సైన్యం పరువుకు భంగమని 1913లో హోంశాఖ ఉపమంత్రి జుంకోవ్‌స్కీ ఆ పద్ధతి ఎత్తేశాడు. మర్యాద గల నిర్ణయమే. కానీ 1917లో రాజధానిలో పోలీసులు దాదాపు 3,500 మంది, దండులో సైనికులు లక్షన్నర పైచిలుకు, వాళ్లలో చాలామంది కొత్తగా చేరినవాళ్లు.

పాత కేలండరు ప్రకారం ఫిబ్రవరి 23న మహిళా కార్మికులు రొట్టె కోసం వీధిలోకి వచ్చారు. 25 రాత్రి ఓఖ్రానా తనకు బాగా అలవాటైన పనే చేసింది: బొల్షివిక్ నగర కమిటీ సభ్యులతో సహా వందమంది దాకా విప్లవకారులను ఇళ్లలోంచి పట్టుకెళ్లింది. తెల్లారి జనం మామూలుగానే వచ్చారు. నాయకులను పట్టుకుంటే ఆగిపోవడానికి అది నాయకులు పిలిచిన గుంపు కాదు కదా! 26న వొలీన్‌స్కీ రెజిమెంటు శిక్షణ దళం జనం మీద కాల్పులు జరిపింది. రాత్రంతా బారకాసుల్లో దాని గురించే మాట్లాడుకున్న అదే దళం 27 ఉదయం సార్జెంటు కిర్పిచ్నికోవ్ నాయకత్వంలో బయటికి రానని మొరాయించింది. వాళ్ల అధికారి అక్కడే హతమయ్యాడు. అక్కణ్నుంచి తిరుగుబాటు రెజిమెంటు వెంట రెజిమెంటుకు పాకింది.

నమ్మదగ్గ బలగం ఎంత మిగిలిందని 28న అడిగితే నగర సైనికాధికారి ఖబాలోవ్ చెప్పిన లెక్క: నాలుగు గార్డు కంపెనీలు, ఐదు ఆశ్విక దళాలు, రెండు ఫిరంగి బ్యాటరీలు.