గ్యాలరీ తలుపు తోయడానికి మనకెందుకంత మొహమాటం?

ఎగ్జిబిషన్ మొదలైన రోజు సాయంత్రం గ్యాలరీ కిటకిటలాడుతుంది. స్నేహితులు, కాలేజీలో పాఠం చెప్పిన మాస్టార్లు, తోటి ఆర్టిస్టులు, ఒక ముఖ్య అతిథి, నలుగురైదుగురు ఫొటోగ్రాఫర్లు. మర్నాడు పేపర్లో సిటీ పేజీలో వచ్చే ఫొటోలో అతిథి ముఖం బాగానే కనబడుతుంది, వెనక గోడమీద బొమ్మ మాత్రం సగమే పడుతుంది. ఆ తర్వాత వారం పదిరోజులు అదే గదిలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, రిజిస్టర్ తెరిచే ఉంటుంది, వచ్చేవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. రెండు మూడేళ్లు కూర్చుని చేసిన పనికి దక్కేది ఆ ఒక్క సాయంత్రమేనా అన్నది నా బాధ.

హైదరాబాద్‌లో ఇలాంటి చోట్లకు కొదవ లేదు. కళాకృతి 2002లో మొదలైంది, సృష్టి, ధీ ఆర్ట్‌స్పేస్, దాయరా లాంటివి కొత్తవాళ్లను చూపిస్తూ వచ్చాయి, మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఉంది. మామూలుగా ఇలాంటి గ్యాలరీల్లో టికెట్ ఉండదు, కొనాలన్న నియమమూ లేదు, చూసి వచ్చేయొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా అద్దం తలుపు ముందు ఆగిపోతారు, లోపల ఏసీ, నిశ్శబ్దం, బల్ల వెనక ఒక మనిషి, గోడమీద ఇంగ్లీషు లేబుళ్లు, "మనలాంటి వాళ్లం వెళ్లొచ్చా" అన్న సందేహం.

ఆ సందేహం ఊరికే పుట్టలేదు. బొమ్మల గురించి వార్త వచ్చిందంటే అది కోట్ల గురించే. 2025 మార్చిలో ఎం.ఎఫ్. హుస్సేన్ వేసిన 'గ్రామ్ యాత్ర' న్యూయార్క్ వేలంలో కోటీ 37 లక్షల డాలర్లకు పైగా, అంటే మన లెక్కలో దాదాపు 118 కోట్ల రూపాయలకు పోయిందని అందరం చదివాం. అదే వార్తలో ఇంకో విషయం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు: 1954లో వేసిన ఆ బొమ్మ దశాబ్దాల పాటు నార్వేలో ఓ ఆస్పత్రి గోడమీద ఉంది. అక్కడ పనిచేసేవాళ్లు దాని పక్కనుంచే నడిచిపోయేవాళ్లు. 118 కోట్ల ముచ్చట కన్నా నాకు ఆ గోడే ముఖ్యంగా తోస్తుంది.

ముంబైలో కెమోల్డ్ గ్యాలరీ చరిత్ర చూడండి. కేకూ గాంధీ మొదట చేసింది ఫోటోలకూ పెయింటింగులకూ ఫ్రేములు కట్టే వ్యాపారం. తన షాపు షోకేసులోనే అప్పటికింకా పేరు రాని ఆర్టిస్టుల పెయింటింగులు పెట్టేవాడు, రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. 1963లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ మేడమీద చిన్న చోటు తీసుకుని గ్యాలరీ పెట్టాడు. ఇవాళ దేశంలో పెద్ద పేరున్న గ్యాలరీల్లో అది ఒకటి. హైదరాబాద్‌లో ఉండి పనిచేసే వరుణికా సరాఫ్ బొమ్మలు కూడా అక్కడ ప్రదర్శనకు పెట్టారు. మనూరి ఆర్టిస్టు పని చూడాలంటే ముంబై వెళ్లాల్సి రావడం మనకేమీ గర్వకారణం కాదు.

"ఇన్‌స్టాగ్రామ్‌లో చూశాం కదా" అంటారు. ఒక ఎచింగ్, అంటే లోహపు పలక మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ, తీసుకుందాం. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో ప్రింట్‌మేకింగ్ నేర్చుకుని వచ్చిన లక్ష్మాగౌడ్ ఎచింగులు, మేకలు, చెట్లు, ఊరి ఆడామగా, వెంట్రుకంత సన్నటి గీతలు, ఫోన్లో చూస్తే బూడిదరంగు మచ్చలా కనబడతాయి. దగ్గరికెళ్లి చూస్తే సిరా కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా నిలబడి ఉంటుంది. అంచుకి కొంచెం లోపలగా చుట్టూ నొక్కుపడిన గీత ఉంటుంది, లోహపు పలకను ప్రెస్సులో పెట్టి తడి కాగితం మీద నొక్కినప్పుడు పడిన గుర్తు అది. కింద పెన్సిల్‌తో 3/10 అని ఉంటే, అదే పలకతో తీసిన పది ప్రింట్లలో ఇది మూడోదని అర్థం. ఒకే బొమ్మ పదిమంది ఇళ్లలో ఉండొచ్చు కాబట్టి ధర కూడా కాన్వాసు కన్నా బాగా తక్కువ ఉంటుంది, జీతం మీద బతికేవాళ్లు కూడా ఆశపడొచ్చు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసి గోడకు అంటించిన గ్యాలరీ ఉంటే చూడాలని ఉంది.

లేబుళ్ల సంగతి నేను గట్టిగానే అంటాను. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ నుంచి, మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ నుంచి బయటికొచ్చే పిల్లల్లో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు. తమ పని గురించి తెలుగులో అడిగితే గంటసేపు చెప్తారు, ఎక్కడ మట్టి తెచ్చారో, ఎవరి చేతులు చూసి గీశారో. అదే మనిషి కాటలాగ్‌లో మూడు పేరాల ఇంగ్లీషు వెనక మాయమైపోతాడు. అది ఆర్టిస్టుకీ, చూడవచ్చినవాళ్లకీ నష్టం. పత్రికలదీ తప్పుంది: సినిమా విడుదలైన పూటే రివ్యూలు రాసేస్తాం, ఒక షో గురించి, ఇందులో ఏది నిలబడింది, ఏది తేలిపోయింది, ఎందుకు అని తెలుగులో రాసేవాళ్లు ఎందరు? పొగడ్త కూడా అక్కర్లేదు, పట్టించుకుని రాస్తే చాలు.

డబ్బు విషయం దాచి లాభం లేదు. బొమ్మ అమ్ముడైతే గ్యాలరీ కమిషన్ మూడోవంతు నుంచి సగం దాకా ఉంటుంది. అద్దె, కరెంటు, మనుషుల జీతాలు చూస్తే నాకది అన్యాయంగా అనిపించదు. హాలు అద్దెకు తీసుకుని సొంతంగా షో పెట్టుకునే కుర్రాళ్ల పరిస్థితే కష్టం, ఫ్రేములు, రవాణా, ఇన్విటేషన్లు, టీ బిస్కట్లు అన్నీ వాళ్ల జేబులోంచే, లేబుల్ పక్కన, బొమ్మ అమ్ముడైందని పెట్టే ఎర్ర చుక్క ఒక్కటి పడకపోయినా ఖర్చు ఖర్చే. 2025 సెప్టెంబర్‌లో చేత్తో వేసిన పెయింటింగుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, మంచిదే, కానీ పన్ను తగ్గినంత మాత్రాన కొత్త మనిషి లోపలికి రాడు. ఆఫీసు వదిలే సరికి మూతపడే గ్యాలరీకి ఉద్యోగస్తుడు ఎప్పుడు వెళ్తాడు? ఆదివారం తెరిచి, రాత్రి తొమ్మిది దాకా ఉంచితే కొత్తవాళ్లు వస్తారని నా నమ్మకం. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో ఆ మొహమాటం ఎవరికీ కనబడదు, చాయ్‌కి వచ్చినవాడు గోడమీద ఫొటోలు చూసి, పక్కన జరుగుతున్న చర్చ కూడా విని వెళ్తాడు.

హైదరాబాద్ దాటితే సంగతి ఇంకా కష్టం. రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరున గ్యాలరీ ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయిన మనిషి, ఆ కాస్త ఆయుష్షులో ఆంధ్రాలో కొత్త చిత్రకళకు దారి వేసినవాడు. ఆయన బొమ్మల్ని కాపాడుకోవడం చాలా గొప్ప పని. ఇప్పుడు వేస్తున్నవాళ్లకి కూడా అలాంటి చోటు కావాలి కదా. ఖమ్మంలోనో ఒంగోలులోనో కడపలోనో ఉండే ఆర్టిస్టు తన ఊళ్లో నెలరోజుల పాటు పని చూపించుకోవాలంటే ఎక్కడికి పోవాలి?

జిల్లా కేంద్ర గ్రంథాలయాలకి పోవాలంటాను. ఆస్తిపన్నుతో పాటు మనం 8 శాతం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, ఆ భవనాలు మనవే. అక్కడికి వెళ్లడానికి ఎవరికీ మొహమాటం ఉండదు, గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు పొద్దున్నించి రాత్రిదాకా కూర్చునే ఉంటారు, పేపర్ చదవడానికి రిటైరైన మాస్టార్లు వస్తారు. ఒక గోడ చాలు. ఎండ తగలని గోడ ఎంచుకుని, మేకులు కొట్టకుండా వేలాడదీయడానికి పైన ఒక కడ్డీ బిగించి, రెండు మంచి లైట్లు పెట్టి, తెలుగు లేబుళ్లు అంటించాలి. ఖరీదైన కాన్వాసులతో మొదలుపెట్టక్కర్లేదు. ముందు ప్రింట్లు పెట్టొచ్చు, ఒకదానికి ఏమైనా అయినా అదే పలకతో తీసినవి ఇంకా ఉంటాయి. ఏ జిల్లా గ్రంథాలయ సంస్థ అయినా ఒక్క నెల ఒప్పుకుంటే, మొదటి షోకి బొమ్మలు ఇవ్వడానికి ఆ జిల్లా ఆర్టిస్టులే ముందుకొస్తారు.